కాగితం మడతల నుంచి గోడ బొంత వరకు

మన కుట్టు శిక్షణ తరగతికి వచ్చే అమ్మాయిల్లో చాలామంది బడి మధ్యలో మానేసినవారే. ఎందుకని అడిగితే, ఇంటి పరిస్థితుల తరువాత ఎక్కువగా వినిపించే మాట “లెక్కలు రావు” అన్నదే. అందుకే ఈసారి జాకెట్లు, చుడీదార్ల కటింగుతో పాటు గోడకు తగిలించే ఒక కళాత్మకమైన బొంత కుట్టించి, దానితోనే కొంత రేఖాగణితం నేర్పాలని మేము అనుకున్నాం.

దూది ఏకి పరుపులు, రజాయిలు కుట్టడం మన ప్రాంతంలో నూర్‌బాషా కుటుంబాలకు తరతరాల వృత్తి. మేము ఎంచుకున్న బొంతకు దూదీ అక్కరలేదు, అస్తరూ అక్కరలేదు. జపానువారి ఒరిగామి బొమ్మలాగా అది మడతల మీదే నిలుస్తుంది. కాగితం మడతలతో రేఖాగణితం చెప్పే ఇంగ్లీషు పుస్తకాన్ని టి. సుందరరావు గారు 1893లోనే మద్రాసులో ప్రచురించారు. కిండర్‌గార్టెన్ పిల్లలకు నేర్పే కాగితం మడతలే తనకు ఆ ఆలోచన కలిగించాయని ఆయన చెప్పుకున్నారు.

మొదట కాగితం

8 అంగుళాల చదరపు కాగితం తీసుకోండి. నాలుగు మూలలనూ సరిగ్గా మధ్యకు తెచ్చి మడవండి. మళ్లీ చదరమే వస్తుంది. అంతటా రెండు పొరలయ్యాయి కనుక వైశాల్యం 64 చదరపు అంగుళాల నుంచి 32కు తగ్గింది. భుజం ఎంత? అందరూ 4 అన్నారు. టేపు పెట్టి చూస్తే 5.6 దాటింది. మరోసారి అలాగే మడిస్తే నాలుగు పొరలు, 16 చదరపు అంగుళాలు. భుజం ఇప్పుడు సరిగ్గా 4. “ఆపా, ఇది కుట్టు క్లాసా, లెక్కల క్లాసా?” అని ఒక అమ్మాయి అడిగింది. రెండూనమ్మా అన్నాం.

తరువాత గుడ్డ

గుడ్డను 9 అంగుళాల చదరాలుగా కత్తిరించాలి. చుట్టూ అర అంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చేస్తే 8 అంగుళాలు మిగులుతుంది. ఆపైన కాగితాన్ని మడిచినట్లే రెండుసార్లు మడిచి, మధ్యలో కలిసిన నాలుగు కొనలను కుట్టి బిగించాలి.

మా మొదటి ప్రయత్నం చెడిపోయింది. విరాళంగా వచ్చిన ముక్కలను, పోగు ఎటు ఉందో చూడకుండా కత్తిరించాం. నూలు, పాలిస్టర్ కలిపేశాం. ఇస్త్రీ తగలగానే కొన్ని చదరాలు సాగాయి, కొన్ని ముడుచుకున్నాయి. అంచుకు అంచు కలవలేదు. మూడు రోజుల కుట్టు విప్పేశాం. తప్పు అమ్మాయిలది కాదు, ముందే చెప్పని మాది. కాగితం సాగదు, గుడ్డ క్రాస్‌లో సాగుతుంది. పోగు వెంట నిటారుగా కత్తిరిస్తే, రెండో మడత తరువాత బయటి అంచులు పోగు వెంటే ఉండి గట్టిగా నిలుస్తాయి. లోపలి అంచులు క్రాస్‌లో వస్తాయి. ఆ సాగే గుణమే తరువాత మనకు పనికొస్తుంది.

రెండు చదరాలను పక్కపక్కన కుడితే, ఆ కుట్టు మీద ఏటవాలుగా నిలబడిన చిన్న చదరం కనిపిస్తుంది. అందులో రెండున్నర అంగుళాల రంగు ముక్క పెట్టి, చుట్టూ ఉన్న క్రాస్ అంచులను దాని మీదికి వంచి చేతితో కుట్టాలి. అంచు విల్లులా వంగి, ముక్క చిన్న కిటికీలా కనిపిస్తుంది. నాలుగు కిటికీలు కలిసిన చోట నాలుగు రేకుల పువ్వు వస్తుంది.

అడ్డంగా 8, నిలువుగా 8, మొత్తం 64 చదరాలు కుట్టాం. బొంత 32 అంగుళాల చదరం అయింది. కిటికీలు 112. ఆ రంగులకు విరాళంగా వచ్చిన ముక్కలే సరిపోయాయి. మధ్యలో లేత పసుపుతో మొదలై అంచులకు ముదురు నీలం వరకు వెళ్లే అమరిక పూర్తిగా అమ్మాయిలదే.

ఉతికాక 36 అంగుళాల పన్నా నిలిచే నూలు గుడ్డ దీనికి 4 గజాలు పట్టింది. పొడవూ వెడల్పూ రెండింతలు చేస్తే ఎంత కావాలని అడిగాం. ఎనిమిదో తరగతిలో చదువు మానేసిన అమ్మాయి సుద్దముక్క తీసుకుని నేల మీద గీసి చూసి, “8 చాలవు ఆపా, 16 గజాలు కావాలి” అంది. లెక్కలు రావన్న అమ్మాయి ఆమే.

దాతలకు ఒక మనవి. మీరు పంపే గుడ్డముక్కలు వృథా కావడం లేదు. అయితే నూలు గుడ్డను వేరుగా కట్టి, ఉతికి, వీలైనంత పెద్ద ముక్కలుగా పంపండి. టేపులు, మంచి కత్తెరలు, ఒక ఇస్త్రీ పెట్టె కూడా మాకు అవసరం. ఈ వ్యాసం చదివాక మీ ఇంట్లో పిల్లలను పిలిచి, ఒక పాత కాగితాన్ని చదరంగా కత్తిరించి రెండుసార్లు మడిపించండి. భుజం ఎంతో ముందు వాళ్లనే చెప్పనివ్వండి. ఆ తరువాత టేపు చేతికివ్వండి.