అనేక భాషలు నేర్వగోరు విద్యార్థులకు

విద్యార్థులారా! అనేక భాషలు నేర్వవలెనను కోరిక శ్లాఘనీయమే. కాని ఆరంభించు విధము తెలియనిచో అది ఫలింపదు. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో హిందీ, తమిళము, కన్నడము ఒక్కమారే మొదలిడితిని. ఆరు మాసములు గడచినను, వానిలో దేనియందును పది వాక్యములు మాటలాడజాలనైతిని. పిమ్మట కన్నడము నొక్కదానినే పట్టితిని. ఏడాదిలో పుస్తకము చదువగలిగితిని. కావున మొదట ఒక్క భాషనే చేపట్టుడు.

అదియు మాతృభాషకు తోబుట్టువైనచో సులభము. తెలుగు, తమిళము, కన్నడము ఏకకుటుంబమునకు చెందినవని 1816లో చెన్నపట్టణమున ఎల్లిస్ దొర చూపెను. మన పాలు కన్నడమున హాలు. మన పులి హులి. మన పాము హావు. మన పకారమునకు మారుగా అచ్చట హకారము వచ్చుట గమనింపుడు. ఇట్టి సూత్రమొకటి తెలిసినచో పెక్కు పదములు తామే పట్టుబడును. కన్నడ లిపియు మన లిపికి మిక్కిలి దగ్గరిది.

అయినను పోలిక యొక్కొకప్పుడు మోసగించును. అవసరమనగా మనకు అక్కర. కన్నడిగులకును తమిళులకును తొందర. అందుచే ప్రతి పదమును వాక్యముతో గూడ వ్రాసికొని, ఆ భాష నెరిగిన పొరుగువారిచే దిద్దించుకొనుడు.

దినమునకు అరగంట చాలును, కాని మానరాదు. 1817లో చెన్నపట్టణము చేరిన సి. పి. బ్రౌను దొర తెలుగు నేర్చి, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. పరదేశికి సాధ్యమైన ఓర్పు మీకేల అసాధ్యమగును? నేడే ఒక భాష నెన్నుకొనుడు.