చెయ్యి తిరిగితే చాలదు

మేనకోడలికి,

బీడీఎస్‌లో దంతవైద్య చరిత్ర ఎందుకు, ఆ సమయంలో ఇంకో నాలుగు ఫిల్లింగులు చేస్తే చెయ్యి తిరుగుతుంది కదా అన్నావు. చెయ్యి తిరగాల్సిందే. కానీ నేర్పినదే తప్పయితే ఆ సంగతి తిరిగిన చేతికి తెలియదు. 1910లో లండన్ వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లో ప్రసంగిస్తూ, బంగారు తొడుగుల కింద దాగిన చీము ఒళ్లంతటికీ జబ్బు తెస్తోందన్నాడు. అందులో కొంత నిజముంది. ఆ మాట సిద్ధాంతమై కూర్చున్నాక మాత్రం కీళ్లనొప్పులకూ, చివరికి మతి చెదిరినవాళ్లకూ పళ్లు పీకేశారు. పీకినవాళ్లు నాటువైద్యులు కారు, పెద్ద చదువులు చదివిన డాక్టర్లు. 'పాతకాలపు అజ్ఞానం మనకెందుకు' అనేవాళ్లకు నా జవాబు ఇదే.

చరిత్ర పనిలేనివాళ్ల వ్యాపకం అంటావేమో, లిలియన్ లిండ్సే జీవితం చూడు. మగపిల్లల మనసు చెదురుతుందని లండన్‌లో ఒక కాలేజీ డీన్ ఆవిడను గడప తొక్కనివ్వకుండా వీధిలోనే నిలబెట్టి మాట్లాడి పంపాడు. ఎడింబరో వెళ్లి చదివి, 1895లో బ్రిటన్‌లో అర్హత పొందిన మొదటి మహిళా డెంటిస్టు అయింది. ఏళ్ల తరబడి రోగులను చూశాక బ్రిటిష్ డెంటల్ అసోసియేషన్‌కు లైబ్రరీ కూడబెట్టింది, 1933లో చిన్న చరిత్ర పుస్తకం రాసింది. 1728లో మొదట వెలువడిన ఫ్రెంచి దంతవైద్యుడు పియెర్ ఫోషార్ గ్రంథాన్ని 1946లో ఇంగ్లీషులోకి తెచ్చింది. ప్రాక్టీసు మానేశాక తీరుబడిగా చేసిన పని కదా అనవచ్చు. కానీ రోగి నోట్లో చెయ్యి పెట్టి ఎరిగిన మనిషి కాబట్టే ఫోషార్ ఏ పనిముట్టును ఎలా పట్టమన్నాడో ఆవిడకు అర్థమైంది. నిఘంటువు దగ్గర పెట్టుకున్నంత మాత్రాన అది పట్టుబడదు.

ఆ ఫోషార్ దగ్గరే నీకు పనికొచ్చేది ఉంది. పుప్పిపన్నులో పురుగుందని నీ కుర్చీలో కూర్చున్న ముసలమ్మ చెబితే నవ్వకు. మన ఊళ్లలో వాకుడు గింజల పొగ పట్టినట్టే ఇంగ్లండులో ఖురాసాని వాము గింజలు నిప్పుల మీద చల్లి, ఆ పొగ మీద నోరు తెరిచి ఉంచమనేవారు. కొందరు టక్కరులు లూట్ వాద్యపు తీగముక్కలు నీళ్లలో వేసి, నోట్లోంచి రాలిన పురుగులవేనని నమ్మించేవారని మూలికల పుస్తకం రాసిన జాన్ జెరార్డ్ 1597లోనే బయటపెట్టాడు. అయినా ఆ నమ్మకం ఇంకో వందేళ్లు దాటి బతికింది. ఫోషార్ దాన్ని ఊరికే కొట్టిపారెయ్యలేదు, మైక్రోస్కోపు కింద పెట్టి వెతికాడు. తనకు పురుగులు కనబడలేదని రాసి, పుప్పికి కారణం అది కాదన్నాడు. నీ పాఠ్యపుస్తకం ఖాయంగా చెప్పే సంగతులను కూడా ఇలాగే వెతికి చూడాలని నా కోరిక. పరీక్షలయ్యాక ఆ పురుగుల భాగం చదువు, ఎక్కడ ఒప్పుకోబుద్ధి కాలేదో నాకు రాయి.

మీ మామయ్య