హిజ్, హర్ తారుమారు ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. ఇంట్లో తెలుగు, బయట హిందీ. ఇంగ్లిష్ ప్రొనౌన్ల రకాలన్నీ గడగడా అప్పజెబుతుంది. రాసేటప్పుడు మాత్రం హిజ్, హర్ తారుమారు చేస్తుంది. ఎందుకు?
- ఒక తల్లి, శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్)

జవాబు: మీ అమ్మాయికి రకాల పేర్లు వచ్చు. రానిది, వాక్యంలోని ప్రొనౌన్ ఎవరిని చూపిస్తోందో వెతకడం. తెలుగులో అమ్మా వచ్చింది, ఓడా వచ్చింది, క్రియ ఒకటే. ఇంగ్లిష్‌లో అమ్మ షి, ఓడ ఇట్. హిందీ ‘వో’ ఆడకీ మగకీ వస్తువుకీ ఒకటే. అసలు చిక్కు ‘ఉస్‌కీ కితాబ్’ దగ్గరుంది. అక్కడి ‘కీ’ పుస్తకాన్ని బట్టి వచ్చింది, మనిషిని బట్టి కాదు. ఇంగ్లిష్ దీనికి సరిగ్గా ఎదురు: పుస్తకం రవిదైతే హిజ్, లతదైతే హర్. మన ‘తన’ ఆ తేడా చెప్పనే చెప్పదు.

అలాగని హిందీ మాన్పించాలా? అక్కర్లేదు. మేము, మనం అనే తేడాను తడుముకోకుండా పాటించే పిల్లకు ఇదీ పట్టుబడుతుంది. ఇంగ్లిష్‌లో ఆ రెంటికీ వుయ్ ఒక్కటే మరి! పరీక్షలో రకాలు అడుగుతారు కదా అంటారేమో. అడుగుతారు, కానీ పేరు తెలిసినంత మాత్రాన వాక్యం కుదరదు. రోజూ పాఠంలో ఒక పేరా తీసుకుని, ప్రతి ప్రొనౌన్ నుంచి అది చూపే పేరుకు పెన్సిల్‌తో బాణం గీయించండి. హిజ్, హర్ దగ్గర ‘ఏది?’ అని కాక ‘ఎవరిది?’ అని అడగండి.

రెండు మూడు నెలలకూ తప్పులు తగ్గకపోతే నోటుబుక్కుతో ఇంగ్లిష్ టీచర్‌ను కలవండి. తెలుగులోనూ వచ్చాడు, వచ్చింది కలిపేస్తున్నా, చదవడమే కష్టమవుతున్నా భాషా నిపుణులకు చూపించండి.