పనికి వెళ్లే తల్లిదండ్రులు, ఎదురుచూసే పిల్లలు

ప్రశ్న: ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు రోజూ బస్సులో ఉద్యోగానికి వెళ్లివచ్చే దంపతుల ఆరేళ్ల పాప సాయంత్రం వాళ్ల దగ్గరికి రావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: పిల్లల అనుబంధం గంటల లెక్క మీద కన్నా పెద్దల స్పందన మీద ఎక్కువగా నిలుస్తుంది. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1969లో వెలువరించిన గ్రంథం ఈ ఆలోచనకు పునాది వేసింది. పగలు అమ్మమ్మో తాతో చూసుకున్నంత మాత్రాన తల్లిదండ్రుల చోటు పోదు. సాయంత్రం ముఖం చాటేయడం చాలాసార్లు పగలంతా దాచుకున్న అలకే. కోప్పడినా, బొమ్మ కొనిచ్చినా అది తీరదు.

ఇల్లు చేరాక మొదటి పావుగంట ఫోను పక్కన పెట్టి పాప దగ్గర కూర్చోవాలి. వంట ఆ తర్వాతే. ఆట ఏదో పాపే ఎంచుకోవాలి. బళ్లో ఏం చెప్పారని ఆరా తీస్తే ఒక్క ముక్కలో జవాబొస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని చిక్కుడుకాయలు ఒలిపిస్తే కబుర్లు వాటంతటవే వస్తాయి. కొయ్య గరిటెలకు పేరుపడ్డ ఉదయగిరిలో చేతిపనితోపాటే మాటలు సాగడం కొత్తేమీ కాదు.

ఇదంతా తల్లి ఒక్కదాని మీద వేయడం అన్యాయం. స్నానం, నిద్రపుచ్చడం తండ్రి వంతు కావాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 180 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. జ్వరాలకు, పరీక్షలకు విడతలుగా వాడుకోవచ్చు.

బెంగళూరుకో గల్ఫ్‌కో వలస వెళ్లినవారు రోజూ ఒకే వేళకు ఫోన్ చేయాలి. చేస్తామని చెయ్యకపోతే పిల్లలు ఎక్కువ నొచ్చుకుంటారు.

వారాల తరబడి తిండి, నిద్ర తగ్గితే పిల్లల వైద్యునికి చూపించాలి.