పాత కారు – కొనుటకు ముందు పరీక్ష

క్రొత్త కారు కొనగల స్తోమత లేని కుటుంబమునకు పాత కారే ఆధారము. దానిని అద్దెకు త్రిప్పి బ్రతుకదలచిన వానికి అది జీవనోపాధి కూడ. అట్టివాడు ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును చేతబట్టుకొని వెళ్లి, పది నిమిషములు నడిపి, రంగు చూచి మురిసి బేరము ముగించుట తరచు కనిపించును. ఆ పది నిమిషములను ఎట్లు వినియోగించవలెనో తోటి విద్యార్థులకు వివరింపదలచినాము.

ఇంజను చల్లగా ఉండగా చూచుట అన్నిటికంటె ముఖ్యము. చలిలో మొరాయించు ఇంజను వేడిమీద సులభముగా అందుకొనును; లోపము మన కంటబడదు. కావున మొదట బానెట్‌పై చేయి వేసి చూడవలెను. అది అప్పటికే వెచ్చగా ఉన్నచో కారణమడుగుటకు మొగమాటపడరాదు. పిమ్మట డిప్‌స్టిక్ తీసి చూడవలెను. ఆయిల్ నల్లబడుట సహజమే. మజ్జిగవలె తెల్లబడి నురుగు కట్టినచో రేడియేటరు నీరు అందులో కలియుచున్నదని శంకింపవలెను. అట్టి కారు ఎంత చౌకగా వచ్చినను ఖరీదైనదే.

స్టార్టు చేయునప్పుడు ఒకరిని వెనుక నిలిపి పొగను గమనింపజేయవలెను. నీలిపొగ వచ్చినచో ఆయిల్ మండుచున్నదని, పిస్టన్ రింగులో వాల్వు సీళ్లో అరిగినవని అర్థము. నల్లపొగ ఇంధనము సరిగా మండకపోవుటకు గుర్తు. శీతకాలపు ఉదయమున తెల్లని ఆవిరి కొంతసేపు వచ్చి ఆగినచో భయము లేదు. ఇంజను వేడెక్కిన తరువాత కూడ దట్టముగా వచ్చుచున్నచో విడిచిపెట్టుటయే మేలు.

బ్రేకుల విషయమున రాజీ పనికిరాదు. కదలకముందే పెడలును గట్టిగా త్రొక్కి అర నిమిషము పట్టి ఉంచవలెను. అది మెల్లగా దిగిపోవుచున్నచో ఆ కారును రోడ్డెక్కింపరాదు. నిలిచినచో, వాహనములు లేని తిన్నని దారిలో గంటకు 40 కిలోమీటర్ల వేగమున బ్రేకు వేసి, కారు ఒక ప్రక్కకు లాగుచున్నదేమో చూడవలెను. ఈ పని లైసెన్సు ఉన్నవారే చేయవలెను. బండికి బీమా ఉన్నదో లేదో ముందే అడుగవలెను.

బంజారాహిల్స్ వంటి ఎత్తుదారి క్లచ్‌కు మంచి పరీక్ష. యాక్సిలరేటరు నొక్కగా ఇంజను రొద హెచ్చి వేగము హెచ్చనిచో క్లచ్ జారుచున్నది. ఖాళీ స్థలములో స్టీరింగును పూర్తిగా త్రిప్పి మెల్లగా నడుపగా ముందు చక్రముల వద్ద టకటక శబ్దము వచ్చినచో యాక్సిల్ జాయింటు అరిగినదన్నమాట. అమ్మువాడు ఈ సమయముననే రేడియో పెట్టి కబుర్లు మొదలుపెట్టును! రేడియో ఆపి, అద్దములు దించి, చెవి ఇంజనుకే అప్పగింపవలెను.

2020 అక్టోబరులో హైదరాబాదునందు, 2024 సెప్టెంబరులో విజయవాడయందు వరదలలో ఎన్నో కార్లు మునిగినవి. మునిగిన బండి పైకి నిగనిగలాడుచునే ఉండును. సీటు బెల్టును చివరివరకు లాగి చూడవలెను. లోపలి పట్టీపై బురద మరక తరచు మిగిలియుండును. కార్పెట్ ఎత్తి, సీట్ల క్రింది ఇనుపపట్టాల త్రుప్పును చూడవలెను. ముక్కవాసన కూడ సాక్ష్యమే. మీటరు తక్కువ కిలోమీటర్లు చూపుచు పెడలు రబ్బరు నున్నగా అరిగియున్నచో పెడలునే నమ్మవలెనని మా అభిప్రాయము.

టైరు గాడిలోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని చట్టము. ఒక అంచు మాత్రమే అరిగినచో అలైన్‌మెంటు చూపించవలెను.

మన నగరపు గ్యారేజీలలో ‘ఉస్తాద్’ అని పిలుచుకొను మేస్త్రీని వెంట తీసుకొనిపోవుట ఉత్తమము. స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకు, మరొక కొస చెవికి ఆనించి అతడు వినునది మనకు వినబడదు. అతని కూలి ఇచ్చుకొనుటకు వెనుకాడరాదు.

ఇక కాగితములు. ఆర్.సి.లోని ఛాసిస్ నంబరును బండిపై చెక్కిన నంబరుతో అక్షరమక్షరము పోల్చవలెను. సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును; ఆపై తనిఖీ చేయించి పునరుద్ధరించుకొనవలసియుండును. ఆర్.సి.లో బ్యాంకు పేరు ఉన్నచో, అప్పు తీరినట్లు బ్యాంకు ఇచ్చిన పత్రము చేతికందువరకు బయానా ఇవ్వరాదు.