రైతుల వివరాలు పంచుకుంటే అదుపు పోతుందా?

ప్రశ్న: మాది వనపర్తి వేరుశనగ రైతుల సంఘం. సభ్యుల వివరాలు గద్వాల, నాగర్‌కర్నూల్ సంఘాలకూ బ్యాంకుకూ ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వండి, కానీ మొత్తం జాబితాను ఫైలుగా పంపకండి. చేయి దాటిపోయిన ఫైలుకు ఎన్ని నకళ్లు పుడతాయో ఎవరికెరుక? 2023 ఆగస్టులో తెలంగాణ ప్రారంభించిన వ్యవసాయ డేటా ఎక్స్ఛేంజ్ ఉద్దేశం వేరు: అనుమతి మేరకే డేటా చేతులు మారాలి. ఖమ్మంలో మొదలైన ప్రయోగమిది. ‘రైతులు సంతకాలు పెట్టేశారుగా’ అంటారేమో. అదే ఏడాది వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి చెప్పిన పనికే పరిమితం. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోవచ్చు కూడా. బ్యాంకు చూసినదాన్ని దాచుకోదా? దాచుకోవచ్చు. సాంకేతికత దాన్ని పూర్తిగా ఆపలేదు, కాబట్టి వాడకం, గడువు, తొలగింపు ఒప్పందంలో రాయించండి. పొరుగు సంఘాలకు మండలాలవారీ విస్తీర్ణం, దిగుబడి మొత్తాలు చాలు. పేర్లు బ్యాంకుకే, అవీ రుణం అడిగినవారివే ఇవ్వండి.