మత్తు డాక్టరుగారి దగ్గర గంజాయి సంగతి దాచకండి

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుగారు బీడీ, మద్యం అలవాట్లు అడిగితే ఇంటివారు చెప్పేస్తారు. గంజాయి అనగానే తల దించుకుంటారు. పరువు పోతుందని, పోలీసులొస్తారని భయం. మేము అడిగేది కేసు కోసం కాదు, మత్తు మోతాదు కోసం.

రోజూ వాడేవారికి మామూలు మోతాదు చాలకపోవచ్చు. ఆపరేషన్ తర్వాత నొప్పి, వాంతులు ఎక్కువ కావచ్చు. పొగ తాగిన వెంటనే గుండె వేగం పెరుగుతుంది, గుండెపోటు ప్రమాదం కూడా. అందుకే అమెరికాలోని ఒక మత్తు వైద్యుల సంఘం 2023లో, ప్రతి రోగినీ ఈ విషయం అడగాలనీ, పొగ తాగి కనీసం 2 గంటలు గడవనిదే అత్యవసరం కాని ఆపరేషన్ చేయవద్దనీ సూచించింది. రెండు గంటలే కదా అని ఉదయం తాగి రావద్దు! మత్తులో ఉంటే ఆపరేషన్ వాయిదా పడుతుంది.

మందుగా వాడేవారూ ఉన్నారు. నిద్రకు, నొప్పులకు ఇచ్చే కొన్ని ఆయుర్వేద నూనెల్లో, మాత్రల్లో గంజాయి ఆకు ఉంటుంది. సీసా మీద ‘విజయ’ అని ఉంటుంది. “అది మందేగా సిస్టర్, చెప్పాలా?” అని ఒక తల్లి అడిగింది. చెప్పాలమ్మా. ఆ సీసానే తీసుకురండి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే మరీ ముఖ్యం, కొన్నింటితో కలిస్తే రక్తస్రావం పెరగవచ్చు.

మా వార్డులో ఒకాయన ఆపరేషనైన రెండో రాత్రి నిద్రపట్టక, చెమటలు కారుతూ, సెలైన్ సూది లాగేశాడు. ఇన్‌ఫెక్షనేమోనని పరీక్షలు చేశాం. తెల్లవారుజామున ఆయన భార్య నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది, పదేళ్ళ అలవాటని. మానేసిన మొదటి రోజుల్లో అలాగే ఉంటుంది. దానికి చికిత్స ఉంది. జాలిపడి చాటుగా బీడీలో చుట్టి ఇవ్వకండి.

రోగి ఎదుట చెప్పలేకపోతే సిస్టరును పక్కకు పిలిచి చెప్పండి.